అందిందా? నడిసంద్రంలో ఫోను, ఇంటర్నెట్: ఒక సమీక్ష

విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి తెల్లవారుజామున వేటకు బయల్దేరిన ఒక ఫైబర్ బోటులో నేనూ ఒకసారి వెళ్లాను. నలుగురు మనుషులు, కుప్పగా వల, ఒక ఐసు పెట్టె, ఇంధనం డబ్బాలు రెండు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ వెలుగు మెల్లగా వెనక్కి జరుగుతోంది. చుక్కాని పట్టుకున్న పెద్దాయన నా చేతిలో ఫోను చూసి, “ఇంకో అరగంట బాబూ. ఆనక టవర్ దాటిపోతాం. ఇంటికి సెప్పాల్సిందేటన్నా ఉంటే ఇప్పుడే సెప్పేయండి” అన్నాడు. తనూ ఫోను తీసి భార్యతో మాట్లాడాడు. మనవరాలికి జ్వరం తగ్గిందా, చీటీ డబ్బు కట్టారా, ఐసు బాకీ ఎంత ఉంది. మూడే ముక్కలు. తర్వాత ఫోనును పాలిథిన్ సంచిలో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత బిగించాడు. డబ్బాను అన్నం క్యారేజీ పక్కన సర్దాడు. మళ్లీ ఒడ్డు కనపడేదాకా దాన్ని తెరవలేదు.

ఆ మూత బిగిసిన దగ్గర్నుంచి ఆ నలుగురి మాట ఒడ్డుకు ఎలా చేరాలి? ఒడ్డు మాట వాళ్లకు ఎలా చేరాలి? పడవ మీద ఫోను పనిచేస్తుందా అని అడిగితే జవాబు ఒక్కటి కాదు. ఇంటికి కబురు చెప్పుకోవడం ఒక అవసరం. గాలివాన హెచ్చరిక, చేపల ధర తెలుసుకోవడం మరొకటి. పడవ మునుగుతుంటే కేక పెట్టడం వేరొకటి. ఈ మూడింటికీ దారులు వేరు, ఖర్చులు వేరు, చట్టాలు కూడా వేరు. ఏ దారినైనా తూచడానికి నేను ఒక్క ప్రశ్ననే రాయిగా పెట్టుకున్నాను: మాట పంపినవాడికి అది అందిందో లేదో తెలుస్తుందా?

టవర్ ఎంత దూరం అందుతుంది?

సముద్రం మీద గోడలూ చెట్లూ లేవు కాబట్టి సిగ్నల్ ఎంత దూరమైనా పోవాలనిపిస్తుంది. దానికి అడ్డం పడేది భూమి గుండ్రదనమే. మొబైల్ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి. భూమి వంపు తిరుగుతుంది. కొంత దూరం పోయాక తరంగం మన తల మీదుగా వెళ్లిపోతుంది.

దీనికి సులువైన లెక్క ఉంది. టవర్ ఎత్తును మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టి 4.12తో హెచ్చించాలి. పడవ మీది ఫోను ఎత్తుకూ అలాగే చేసి రెండూ కూడాలి. వచ్చేది కిలోమీటర్ల దూరం. ఒడ్డున 40 మీటర్ల టవర్ ఉంటే దాని వాటా 26 కిలోమీటర్లు. నీటికి 2 మీటర్ల ఎత్తున చేతిలో పట్టుకున్న ఫోను వాటా 6 కిలోమీటర్ల లోపు. రెండూ కలిసి 32. అన్నీ అనుకూలిస్తే దక్కే గరిష్ఠం ఇది. అదే టవర్ 200 మీటర్ల కొండ మీద ఉంటే దాని వాటాయే సుమారు 64 కిలోమీటర్లకు పెరుగుతుంది. కొండలు సముద్రంలోకి తొంగిచూసే విశాఖ తీరానికి ఉన్న ఈ వెసులుబాటు చదునైన కృష్ణా, గోదావరి డెల్టా తీరాలకు లేదు.

ఆచరణలో దక్కేది అంతకంటే తక్కువ. కంపెనీలు యాంటెన్నాలను జనం ఉన్న వైపు, కొంచెం కిందికి వంచి పెడతాయి. సముద్రంలో చందాదారులు ఉండరు కదా! పైగా ఫోను శక్తి చాలా చిన్నది. పాత 2జీ ఫోను 900 మెగాహెర్ట్‌జ్‌లో గరిష్ఠంగా 2 వాట్లతో పలికేది. 4జీ ఫోనుకు మామూలుగా ఉండేది అందులో పదో వంతు, 0.2 వాట్లు. అందుకే తెర మీద ఒక గీత కనపడుతున్నా కాల్ కలవని చోట్లు ఉంటాయి. టవర్ మాట ఫోనుకు వినపడుతోంది, ఫోను మాట టవర్‌కు వినపడటం లేదు. కాలానికి సంబంధించిన కట్టుబాటు మరొకటి ఉంది. 2జీ పద్ధతిలో టవర్‌కు 35 కిలోమీటర్లు దాటిన ఫోను జవాబు ఆలస్యంగా చేరి, దాని వంతు దాటిపోతుంది. ప్రత్యేక ఏర్పాటు చేస్తే తప్ప ఆ గీత దాటలేం. 4జీని 100 కిలోమీటర్ల దాకా సర్దవచ్చు, కానీ అలా సర్దాలని ఎవరో ఒకరు అనుకోవాలి.

తరంగాల రకాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. 700 నుంచి 900 మెగాహెర్ట్‌జ్ దాకా ఉన్న పట్టీలు దూరం పోతాయి. 5జీకి ఎక్కువగా వాడే 3,500 మెగాహెర్ట్‌జ్ పట్టీ తొందరగా నీరసిస్తుంది. కొన్ని రోజుల్లో నీటి మీది తేమగాలి పొర తరంగాలను గొట్టంలోలా పట్టుకుని మామూలు కంటే చాలా దూరం తీసుకుపోతుంది. అలాంటి రోజున సిగ్నల్ దొరికిందని మర్నాడూ దొరుకుతుందనుకుంటే మోసపోతాం.

ఈ హద్దుల్లోనే కొన్ని మెలకువలు పనికొస్తాయి. ఎత్తు ముఖ్యం: ఫోను మీటరు ఎత్తు నుంచి 9 మీటర్లకు పోతే లెక్క ప్రకారం 8 కిలోమీటర్లు కలిసొస్తాయి. కాల్ కలవనిచోట ఎస్సెమ్మెస్ వెళ్లే అవకాశం ఉంది, ఎందుకంటే దానికి రెప్పపాటు సిగ్నల్ చాలు. టవర్ దాటాక ఫోను ఊరికే టవర్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీ తినేస్తుంది, అప్పుడు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టడం మంచిది. జీపీఎస్‌కు టవర్‌తో పని లేదు. ఒడ్డున ఉండగానే పటం దించుకుంటే నడిసంద్రంలోనూ ఎక్కడున్నామో ఫోను చూపిస్తుంది. సిగ్నల్ పెంచుతాయని చెప్పి అమ్మే బూస్టర్ల జోలికి మాత్రం పోకూడదు. అనుమతి లేకుండా వాటిని పెట్టుకోవడం మన దేశంలో నేరం. ఒకరి బూస్టరు చుట్టుపక్కల అందరి నెట్‌వర్క్‌నూ పాడు చేస్తుంది కూడా.

ఆ కొద్ది దూరమే ఇచ్చిన లాభం

ఇరవై, ముప్పై కిలోమీటర్లు ఏ మూలకు అనుకోకూడదు. ఆ కాస్త దూరం ఏం చేయగలదో కేరళ తీరం చూపించింది. అక్కడ 1997 నుంచి 2001 మధ్య జిల్లా తర్వాత జిల్లాగా మొబైల్ సేవలు వచ్చాయి. తీరం వెంట ఉన్న టవర్ల సిగ్నల్ సముద్రంలోకి 20-25 కిలోమీటర్ల దాకా అందేది. మత్తి చేపలు పట్టే పడవలు ఎక్కువగా తిరిగేది ఆ మేరలోనే. ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సన్ ఆ మార్పును లెక్కకట్టి 2007లో ప్రచురించారు. ఫోను రాకముందు ఒక రేవులో చేపలు కొనేవాళ్లు లేక పారబోస్తుంటే, పక్క రేవులో చేపలు దొరక్క కొనేవాళ్లు వట్టి చేతులతో పోయేవాళ్లు. ఫోను వచ్చాక పడవలు సముద్రం మీంచే ధర కనుక్కుని రేవు ఎంచుకున్నాయి. పారబోత దాదాపు ఆగిపోయింది. మత్స్యకారుల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. ఒకరి నష్టం మరొకరి లాభం కాకుండా ఇద్దరూ బాగుపడటం బజారులో అరుదుగా జరుగుతుంది. అది జరిగింది టవర్ వల్ల.

మన తీరంలోనూ ఆ పని జరుగుతోంది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ 2007లో మొదలుపెట్టిన ‘ఫిషర్ ఫ్రెండ్’ సేవ ఇప్పుడు తెలుగులోనూ ఫోను యాప్‌గా దొరుకుతోంది. అలల ఎత్తు, గాలి వేగం, చేపలు దొరికే చోట్లు, ధరలు అందులో ఉంటాయి. ఈ సమాచారంలో సముద్రానికి సంబంధించిన భాగం చాలావరకు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ నుంచి, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం నుంచి వస్తుంది. సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రాన్ని చూసే సంస్థ అది. అయితే ఆ సమాచారమంతా టవర్ గీత దగ్గర ఆగిపోతుంది. ఒడ్డు నుంచి 10-12 కిలోమీటర్లు దాటాక మొబైల్ ద్వారా హెచ్చరికలు అందించలేకపోతున్నామని కేంద్ర ప్రభుత్వమే ఒప్పుకుంది.

ఇంకో సంగతి మరచిపోకూడదు. పడవ టవర్‌కు దగ్గరలో ఉన్నా టవరే నిలబడకపోవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు నగరం నడిబొడ్డునే ఫోన్లు మూగబోయాయి. తుపాను రోజున మనకు అన్నిటికంటే ఎక్కువ అవసరమయ్యే దారి ఆ రోజే ముందు తెగిపోతుంది.

వైర్‌లెస్: పాతదైనా పక్కన ఉండే తోడు

సరంగులు ‘వైర్‌లెస్’ అని పిలిచే వీహెచ్ఎఫ్ సెట్టుకు టవర్ అక్కర్లేదు, నెల బిల్లు లేదు. పడవలో బిగించే సెట్టు 25 వాట్ల దాకా పలుకుతుంది. 16వ చానల్, అంటే 156.8 మెగాహెర్ట్‌జ్, ప్రపంచమంతటా ఆపద పిలుపు కోసం కేటాయించిన చానల్. దీనికీ భూమి వంపు లెక్క వర్తిస్తుంది. 5 మీటర్ల యాంటెన్నా ఉన్న రెండు పడవల మధ్య సుమారు 18 కిలోమీటర్లు. ఒడ్డున 100 మీటర్ల ఎత్తులో స్టేషన్ ఉంటే 50.

వైర్‌లెస్‌కు ఫోనులో లేని గుణం ఒకటుంది. ఫోనులో నా మాట ఒక్కరికే. వైర్‌లెస్‌లో చుట్టూ ఉన్న పడవలన్నీ వింటాయి. ఇంజను ఆగిపోయిన పడవకు ఒడ్డున ఉన్న కంట్రోల్ రూము కంటే అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్న సాటి పడవే ముందు చేరుతుంది. అందిందా అన్న ప్రశ్నకు జవాబు కూడా అక్కడికక్కడే మనిషి గొంతులో వస్తుంది. దీనితో వచ్చే చిక్కు క్రమశిక్షణది. కబుర్లతో 16వ చానల్ నిండిపోతే కేక వినపడదు.

ఒడ్డుకు సిగ్నల్ అందే చోట ఆపద వస్తే ఫోనులోనే తీర రక్షక దళం నంబరు 1554, తీర భద్రతా పోలీసుల నంబరు 1093 పనిచేస్తాయి. ఈ రెండు నంబర్లూ పడవ లోపలి చెక్క మీద పెయింటుతో రాసి ఉండాలి. ఫోనులో దాచుకున్న నంబరు ఫోను తడిస్తే పోతుంది.

శాటిలైట్ ఫోను: కోరికకు, కాపలాకు మధ్య

టవర్ దాటాక శాటిలైట్ ఫోను కొనుక్కోవచ్చు కదా అని విదేశాల్లో పడవలు చూసి వచ్చినవాళ్లు అడుగుతారు. 66 ఉపగ్రహాలతో భూగోళమంతా కప్పే ఇరిడియం ఫోనుగానీ, తురాయా ఫోనుగానీ మన జలాల్లో వాడటం నిషిద్ధం. లైసెన్సు తీసుకుని ఇన్‌మర్‌శాట్ ఉపగ్రహాల మీద నడిచే సేవను బీఎస్ఎన్ఎల్ ద్వారా పొందవచ్చు. దానికి పత్రాలూ ఖర్చూ రెండూ ఎక్కువే.

ఈ కట్టడి వెనక చేదు చరిత్ర ఉంది. 2008 నవంబరులో ముంబైపై దాడికి వచ్చినవాళ్లు ‘కుబేర్’ అనే గుజరాత్ చేపల బోటును చేజిక్కించుకుని, దాన్ని నడిపేవాళ్లను చంపి, అందులోనే మన తీరం దగ్గరికి వచ్చారు. వాళ్ల చేతిలో తురాయా ఫోను ఉంది. ఆ దాడికి మొదట బలైంది మత్స్యకారులే. ఆ తర్వాత పడవల రిజిస్ట్రేషన్లు, రంగులు, మత్స్యకారులకు గుర్తింపు కార్డులు, 20 మీటర్లు దాటిన బోట్లకు తమ ఉనికిని ప్రకటించే ఏఐఎస్ పరికరాలు అన్నీ వచ్చాయి. దేశ భద్రత కోసం ఒక దారి మూసినప్పుడు, ఆ దారిలో తప్ప ఒడ్డుకు కేక వేయలేని మనిషికి ప్రభుత్వమే మరో దారి చూపాలి. ఈ కోణంలోంచి చూస్తేనే ఇస్రో, ఇన్‌కాయిస్ పరికరాల విలువ తెలుస్తుంది.

ఆకాశం నుంచి మనవాళ్ల దారులు

మొదటిది డాట్, ఆపద సంకేతం పంపే పెట్టె. ఇస్రో తయారుచేసిన ఈ పరికరం 2010 నుంచి వాడుకలో ఉంది. 2024 మొదట్లో ఇస్రో చెప్పిన లెక్క ప్రకారం 20 వేలకు పైగా పడవల్లో ఉంది. నిప్పంటుకుందా, పడవ మునుగుతోందా, మనిషి నీళ్లలో పడ్డాడా, వైద్యం కావాలా అన్నదాన్ని బట్టి బటన్ నొక్కితే, పడవ ఉన్న చోటుతో సహా సంకేతం ఉపగ్రహం మీదుగా బెంగళూరు కేంద్రానికి, అక్కడి నుంచి తీర రక్షక దళానికి చేరుతుంది. ఇంత మంచి పరికరంలో పెద్ద లోటు ఒకటుండేది: బటన్ నొక్కినవాడికి జవాబు రాదు. నీళ్లు ఎక్కుతున్న పడవలో నిలబడి, ఎవరైనా విన్నారో లేదో తెలియకుండా చీకట్లోకి చూస్తూ ఉండాలి.

రెండో తరం డాట్ ఈ లోటును తీర్చింది. ఆపద సంకేతం అందిందని, దారి చూపే మన సొంత ఉపగ్రహాల వ్యవస్థ నావిక్ ద్వారా తిరుగు సందేశం పడవకు వస్తుంది. కేంద్రం వాతావరణ హెచ్చరికలూ పంపగలదు. బ్లూటూత్ ద్వారా ఫోనుకు కలిపి, సందేశాన్ని సొంత భాషలో చదువుకోవచ్చు. సాంకేతికంగా చూస్తే అది కొన్ని అక్షరాల జవాబు. అయితే సాయం వస్తోందని తెలిసిన మనుషులు పడవను పట్టుకుని వేలాడతారు, నీళ్లు తోడతారు, ఒకరినొకరు నిలబెట్టుకుంటారు. ఆ కొన్ని అక్షరాలకు ప్రాణం పోయగల శక్తి ఉందని నేను నమ్ముతున్నాను.

రెండోది జెమిని. 2017 నవంబరు చివర్లో ఒఖీ తుపాను కేరళ, తమిళనాడు తీరాల మీద విరుచుకుపడినప్పుడు రోజుల కిందటే లోతు నీళ్లకు పోయిన పడవలకు కబురు చెప్పే మార్గమే లేకపోయింది. వందల మంది తిరిగి రాలేదు. ఆ దుఃఖం తర్వాత ఇన్‌కాయిస్, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి 2019 అక్టోబరులో జెమినిని తెచ్చాయి. విమానాలకు దారి చూపే గగన్ ఉపగ్రహాల మీదుగా తుపాను హెచ్చరికలు, అలల అంచనాలు, చేపలు దొరికే చోట్లు ఈ పెట్టెకు, దాని నుంచి బ్లూటూత్‌తో ఫోనుకు వస్తాయి. మొదట్లో దీని ధర సుమారు 9 వేల రూపాయలు. ఇది వినే పెట్టె, మాట్లాడేది కాదు. డాట్ తొలి రూపానికి నోరు ఉంది, చెవి లేదు. జెమినికి చెవి ఉంది, నోరు లేదు.

ఈ రెంటినీ కలిపే ప్రయత్నం మూడోది. 2024 ఆగస్టు 30న ప్రధాని పాల్ఘర్‌లో ప్రారంభించిన నౌకా సమాచార వ్యవస్థ కింద 13 తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో లక్ష మరపడవలకు, ఇంజను పడవలకు ట్రాన్స్‌పాండర్లు ఉచితంగా బిగించాలని సంకల్పం. ఖర్చు సుమారు 364 కోట్లు. భాగిస్తే పడవకు 36 వేల రూపాయల చిల్లర. ఇస్రో సాంకేతికతతో నడిచే ఈ పరికరం ‘నభ్‌మిత్ర’ యాప్ ద్వారా రెండు వైపులా పొట్టి సందేశాలు చేరవేస్తుంది, అంతర్జాతీయ సరిహద్దు దగ్గరపడితే హెచ్చరిస్తుంది.

ఆ సరిహద్దు హెచ్చరిక విలువ ఉత్తరాంధ్రకు ఒకరు చెప్పనక్కర్లేదు. గుజరాత్‌లోని వేరావల్ రేవులో బోట్లు ఎక్కే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో ఇళ్లకు చేరారు. ‘తండేల్’ సినిమాకు ఆధారం ఆ కథే. నీళ్ల మీద గీత కనపడదు. ఎక్కడుందో చెప్పే గొంతు పడవలోనే ఉండాలి.

పెద్ద ఓడల ఇంటర్నెట్

సరుకు ఓడల్లోనూ, ప్రయాణికుల ఓడల్లోనూ బొమ్మ వేరు. వాటి పైకప్పు మీద తెల్లటి గుమ్మటాల్లో తిరిగే వీశాట్ యాంటెన్నాలు సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహాలతో మాట్లాడతాయి. అంత దూరం పోయి రావడానికే మాటకూ మాటకూ మధ్య అర సెకను పడుతుంది. 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే స్టార్‌లింక్ ఉపగ్రహాలతో ఆ ఆలస్యం దాదాపు పోయింది. 2022లో సముద్ర సేవ మొదలైనప్పుడు నెలకు 5 వేల డాలర్లు అడిగేవారు. పోటీతో తర్వాత ధరలు బాగా దిగాయి. మన దేశం 2018లోనే విమానాల్లో, నౌకల్లో ఇంటర్నెట్‌కు నియమాలు ప్రకటించింది. స్టార్‌లింక్‌కు 2025లో లైసెన్సు ఇచ్చింది. విదేశాల్లో కొన్న పరికరాన్ని అనుమతి లేకుండా మన జలాల్లో వెలిగించడం మాత్రం కుదరదు.

ఓడల మీద ఇంకో జాగ్రత్త ఉంది. కొన్ని ఓడల్లో లోపలే చిన్న టవర్ ఉండి, దాని సిగ్నల్ శాటిలైట్ మీదుగా పోతుంది. ఫోను దానంతటదే ఆ నెట్‌వర్క్‌కు కలిస్తే రోమింగ్ బిల్లు గుండె గుభేల్‌మనేలా వస్తుంది. ఓడ ఎక్కగానే డేటా రోమింగ్ ఆపడం మంచిది.

ఇక్కడ నన్ను ఆపిన విషయం ఒకటుంది. నావికుల హక్కుల కోసం 2006లో వచ్చిన అంతర్జాతీయ ఒడంబడికకు 2022లో చేసిన సవరణలు 2024 డిసెంబరులో అమల్లోకి వచ్చాయి. ఇంటివాళ్లతో మాట్లాడుకునే ఇంటర్నెట్ సదుపాయం వీలైనంతవరకు కల్పించడం ఓడ యజమాని బాధ్యత అని అవి చెబుతున్నాయి. ఆ ఒడంబడిక చేపల పడవలకు వర్తించదు. ఒకే కాకినాడ తీరంలో, ఒకే నీటి మీద, సరుకు ఓడలో నావికుడికి ఇంటికి ఫోను హక్కు. పక్కనే బోటులో పదిహేను రోజుల వేటకు వచ్చిన కళాసీకి అది అదృష్టం.

మామూలు ఫోనుకే ఆకాశం నుంచి సిగ్నల్

ప్రత్యేక పెట్టెలేవీ లేకుండా జేబులో ఫోనే ఉపగ్రహంతో మాట్లాడితే? ఇది కల దశ దాటింది. 2022 నవంబరు నుంచి అమెరికా, కెనడాల్లో ఐఫోన్ 14 నుంచి ఆపద సందేశం ఉపగ్రహానికి పంపవచ్చు. 2025 జులై నుంచి అమెరికాలో టీ-మొబైల్, స్టార్‌లింక్ కలిసి మామూలు ఫోన్లకే ఉపగ్రహం మీదుగా సందేశాలు అందిస్తున్నాయి. ఈ కథలో మన శ్రీహరికోట కూడా ఉంది. 2025 డిసెంబరులో మన ఎల్‌వీఎం-3 రాకెట్ అక్కడి నుంచి 6 టన్నుల అమెరికన్ బ్లూబర్డ్ ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. సుమారు 223 చదరపు మీటర్ల యాంటెన్నా ఉన్న ఆ ఉపగ్రహం పని మామూలు ఫోన్లతో నేరుగా మాట్లాడటమే. శ్రీహరికోట చుట్టూ పులికాట్, నెల్లూరు తీరంలో వేటాడే మత్స్యకారుల తల మీదుగానే అది ఎగిరింది. దాని ఫలం వాళ్ల డబ్బాలోని ఫోనుకు చేరాలంటే లైసెన్సు, స్పెక్ట్రమ్, ధర అనే మూడు మెట్లు ఇంకా ఎక్కాలి.

ఇతరులు ఏం చేశారు?

దక్షిణ కొరియా దారి నాకు అన్నిటికంటే నచ్చింది. అక్కడి సముద్ర, మత్స్య శాఖ 2021లో తీరం నుంచి 100 కిలోమీటర్ల దాకా అందేలా 700 మెగాహెర్ట్‌జ్‌లో పడవల కోసమే 4జీ నెట్‌వర్క్ నడపడం మొదలుపెట్టింది. ఎత్తయిన చోట టవరు, దూరం పోయే తరంగం, సముద్రం వైపు తిప్పిన యాంటెన్నా. విద్య కొత్తదేమీ కాదు, ఉద్దేశం కొత్తది. ఉత్తర సముద్రంలో చమురు వేదికల మీదికి ఫైబర్ లాగి, వాటి మీద 4జీ టవర్లు పెట్టి చుట్టూ తిరిగే ఓడలకు సేవ ఇస్తున్నారు. మన కృష్ణా-గోదావరి బేసిన్‌లోనూ చమురు, గ్యాస్ వేదికలున్నాయి. భద్రత కోసం పడవలు వాటి దగ్గరికి పోకూడదు, సిగ్నల్ పడవల దగ్గరికి రావచ్చు. కేరళలో అమృత విశ్వవిద్యాపీఠం ‘ఓషన్‌నెట్’ పేరుతో దూరం పోయే వైఫైని పడవ నుంచి పడవకు అందించి చూపింది. ఉత్తరాంధ్ర కొండలు ఇలాంటి పనికి ప్రకృతి కట్టిపెట్టిన టవర్లు.

ఏది ముందు?

ఈ దారులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలింది ఇది. వేగానికి మనం ఇచ్చే విలువ జవాబుకు ఇవ్వడం లేదు. నడిసంద్రంలో వీడియో చూడగలగడం మంచిదే. అంతకంటే ముందు, ప్రతి పడవకూ రెండు వైపులా నడిచే ఒక సన్నటి దారి ఉండాలి. నూరు అక్షరాలు పోయి, నూరు అక్షరాలు రావాలి. తుపాను రోజున ఒడ్డున టవర్లన్నీ కూలినా అది తెగకూడదు. అందుకు ట్రాన్స్‌పాండరు, రెండో తరం డాట్ సరిపోతాయి. వాటి పక్కన వైర్‌లెస్, చేతిలో ఫోను. మూడు దారులుంటే ఒకటి తెగినా మనిషి మిగులుతాడు.

రెండో మాట చిన్న పడవల గురించి. పథకాలు మరపడవల దగ్గర, ఇంజను పడవల దగ్గర ఆగుతున్నాయి. తెడ్డు వేసే తెప్పకు, తెరచాప కట్టిన నాటు పడవకు వాటిలో చోటు లేదు. వాళ్లు దూరం పోరు నిజమే. కానీ గాలి తిరిగితే తిరిగి రాలేనిది ముందు వాళ్లే. మెడలో వేసుకునే నీళ్లు దూరని చిన్న సంకేత పెట్టె వాళ్లకూ అందాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో వేట ఆపుతారు. పడవలన్నీ ఒడ్డునే ఉండే ఆ రెండు నెలల్లోనే పరికరాలు బిగించాలి, చార్జింగ్ చూడాలి, బటన్ నొక్కి నేర్పాలి, తెలుగులో వచ్చే సందేశాన్ని చదవలేనివాళ్లకు గొంతుతో వినిపించే ఏర్పాటు చేయాలి. పెట్టెలో ఉండిపోయిన పరికరం ఎవరినీ ఒడ్డుకు చేర్చదు.

మూడోది టవర్ల మాట. పాత కొలతలో 974, కొత్త కొలతలో 1,053 కిలోమీటర్ల తీరం మనది. తీరం పొడవునా, ఎత్తున్న ప్రతిచోటా, ఒక్కో యాంటెన్నాను సముద్రం వైపు తిప్పమని కంపెనీలను లైసెన్సు షరతుగా కోరవచ్చు. సముద్రంలో చందాదారులు లేరనే లెక్క తప్పు. వాళ్లు ఒడ్డున రీచార్జి చేసుకుని వేటకు పోతున్నారు.

ఆ రోజు మధ్యాహ్నం మా బోటు తిరుగుముఖం పట్టింది. వలలో చేప అంతంతమాత్రమే. కొండ మసకగా కనపడ్డాక పెద్దాయన డబ్బా మూత తీసి, రబ్బరు బ్యాండు విప్పి, ఫోను రెండు చేతులా తలకంటే ఎత్తి పట్టుకున్నాడు. కాసేపటికి అది వరసగా మోగింది, ఇంటి నుంచి వచ్చిన మిస్డ్ కాల్స్ సందేశాలు. వెంటనే కాల్ చేశాడు. మాట తెగుతోంది, గాలి హోరు. రెండుసార్లు కలవలేదు. మూడోసారి గట్టిగా అన్నాడు: “వచ్చేస్తన్నాం. ఇనబడిందా? వచ్చేస్తన్నాం.” అవతలి మాట నాకు వినపడలేదు. ఆయన మొహం చూశాను. వినపడిందని తెలిసింది.